రెండు గ్రాఫిక్స్ కార్డులు పోల్చాలంటే ముందు బొమ్మ చూడండి, తర్వాతే ఎఫ్‌పీఎస్

తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ సామాన్ల బజారు) వెళ్లి సెకండ్ హ్యాండ్ కార్డు ఒకటి కొనుక్కొచ్చాడు. పెట్టీ పెట్టగానే ఫోన్ చేసి "అన్నా, పాతదానికన్నా ఎఫ్‌పీఎస్ డబుల్ వస్తోంది" అని ఒకటే సంబరం. ఏ సెట్టింగులో చూశావురా అంటే, రెండింట్లోనూ "హై"యే అన్నాడు. తీరా వెళ్లి చూస్తే, కొత్త కార్డు కనపడగానే గేమ్ తనంతట తానే అప్‌స్కేలింగ్ ఆన్ చేసుకుంది. పాత కార్డు పూర్తి 1080పీ బొమ్మ గీస్తుంటే, కొత్తది అంతకన్నా చిన్న బొమ్మ గీసి సాగదీస్తోంది. ఒకరు మినప్పప్పు నానబెట్టి రుబ్బి గారెలు వేస్తుంటే, ఇంకొకరు పిండి ప్యాకెట్ తెచ్చి వేసేసి "నావి ముందయ్యాయి" అన్నట్టు.

కాబట్టి ఈ గైడ్‌లో వరస తిరగేస్తున్నాను. రెండు కార్డులూ ఒకే పని చేస్తున్నాయా అన్నది మొదట తేల్చుకుందాం, ఎంత వేగంగా చేస్తున్నాయన్నది, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు (ఎఫ్‌పీఎస్) గీస్తున్నాయన్నది, ఆ తర్వాత. చాలామంది మొదటి సగం వదిలేసి నేరుగా రెండో సగానికి వెళ్లిపోతారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

రెండు కార్డుల బొమ్మలు తేడాగా రావడానికి ఒక కారణం ప్రెసిషన్, అంటే కార్డు సంఖ్యల్ని ఎంత కచ్చితంగా లెక్కకడుతుందన్నది. ముందు అదేంటో కాస్త ఓపిగ్గా చూద్దాం, ఎందుకంటే ఇది తెలియకపోతే స్క్రీన్ మీద తప్పు కళ్లముందే ఉన్నా గుర్తుపట్టలేం. షేడర్ అంటే ప్రతి పిక్సెల్‌కీ ఏ రంగు వేయాలో లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్. ఆ లెక్కలు దశాంశ సంఖ్యలతో జరుగుతాయి, ఒక్కో సంఖ్యకీ 32 బిట్లు ఇస్తే ఎఫ్‌పీ32, 16 ఇస్తే ఎఫ్‌పీ16. ఎఫ్‌పీ16లో గుర్తుకి ఒక బిట్, ఘాతానికి 5 పోగా అసలు అంకెకి మిగిలేది పదే బిట్లు. దాంతో 2048 వరకూ పూర్ణాంకాలన్నీ సరిగ్గా రాయగలదు కానీ 2049 రాయలేదు, నేరుగా 2050కి దూకుతుంది. అది పట్టగలిగే అతి పెద్ద సంఖ్య 65504. ఎఫ్‌పీ32 అయితే కోటీ అరవై ఏడు లక్షలు దాటేవరకూ పూర్ణాంకాల్లో ఒక్కటి కూడా తప్పిపోదు.

మామూలు రంగులకి ఎఫ్‌పీ16 హాయిగా సరిపోతుంది, మన మానిటర్లలో ఎక్కువ శాతం ఒక్కో రంగుకి చూపించేది 256 మెట్లే కదా. తంటా అంతా మిగతా లెక్కలతోనే. టెక్స్చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మ)లో ఏ చోటి రంగు తీసుకోవాలో చెప్పే కోఆర్డినేట్ తీసుకోండి. అది 0 నుంచి 1 మధ్య ఉండే సంఖ్య, 0.5 దాటాక ఎఫ్‌పీ16లో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ దూరం 1/2048. మీ టెక్స్చర్ 4096 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకోండి, సగం దాటాక అది రెండేసి పిక్సెళ్ల చొప్పున గెంతుతుంది, గోడ మీద అక్షరాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. మెరుపు లెక్క ఇంకా దారుణం. నున్నటి ఇనుము మీద పడే వెలుగుకి ఒక సంఖ్యని 64వ ఘాతానికి పెంచారనుకుందాం, 1కి దిగువన ఒక్క మెట్టు తగ్గితే ఫలితం సుమారు 0.969కి పడిపోతుంది, అంటే 255 మెట్లలో ఒకేసారి దాదాపు 8 మెట్లు. నునుపుగా కరిగిపోవాల్సిన మెరుపు ఉల్లిపాయ చక్రాల్లా వలయాలు వలయాలుగా కనిపించేది ఇందుకే.

నాకు బాగా నచ్చే ఉదాహరణ సమయం. నీళ్ల అలలు కదలడానికి గేమ్ మొదలై ఎన్ని సెకన్లయిందో షేడర్‌కి చెబుతారు. పొరపాటున ఆ సంఖ్యని ఎఫ్‌పీ16లో పెడితే, 1024 సెకన్లు దాటాక, అంటే పదిహేడు నిమిషాల తర్వాత, నీళ్లు సెకనుకి ఒక్కసారే కదులుతాయి. ముప్ఫై నాలుగు నిమిషాలు దాటితే రెండు సెకన్లకోసారి. ఐదు నిమిషాలు ఆడి స్క్రీన్‌షాట్ తీసినవాడికి ఇది జన్మలో దొరకదు.

ఇదేదో పుస్తకంలో లెక్క అనుకోకండి, దీని మీద ఒకప్పుడు పెద్ద యుద్ధమే నడిచింది. 2002 ఆగస్టులో ఏటీఐ (తర్వాత ఏఎమ్‌డీలో కలిసిపోయిన కంపెనీ) రేడియాన్ 9700 ప్రో వచ్చింది, పిక్సెల్ షేడర్ లెక్కలన్నీ ఎఫ్‌పీ24లో చేసేది. 2003 మొదట్లో ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా వచ్చింది. అందులో ఎఫ్‌పీ16, ఎఫ్‌పీ32 రెండూ ఉన్నాయి కానీ 24 లేదు. డైరెక్ట్ఎక్స్ 9 (గేములు కార్డుతో మాట్లాడటానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వ్యవస్థ) నియమం ఏమిటంటే, పూర్తి ప్రెసిషన్ అంటే కనీసం 24 బిట్లు ఉండాలి, "కొంచెం తగ్గినా ఫరవాలేదు" అని గేమ్ స్వయంగా చెప్పిన చోట మాత్రం 16 చాలు. ఇక చూడండి తమాషా. గేమ్ పూర్తి ప్రెసిషన్ అడిగితే రేడియాన్ 24తో కానిచ్చేస్తుంది, ఎఫ్ఎక్స్ మాత్రం 32కి ఎక్కాలి, అక్కడ రిజిస్టర్ల (లెక్క మధ్యలో సంఖ్యలు ఉంచుకునే అరలు) చోటు చాలక ఈడ్చుకుంటూ నడుస్తుంది. 16కి దించితే పరిగెడుతుంది గానీ బొమ్మలో చారలు రావచ్చు. అంటే ఒకే గేమ్, ఒకే సెట్టింగ్, అయినా ఈ రెండు కార్డుల్నీ ఒకే తూకంలో పెట్టే మార్గమే లేదు. 2004 నవంబరులో వచ్చిన హాఫ్ లైఫ్ 2 అయితే చాలా ఎఫ్ఎక్స్ కార్డుల్ని చూడగానే చెప్పాపెట్టకుండా డైరెక్ట్ఎక్స్ 8 తరం దారికి మళ్లించేసేది. ఎఫ్‌పీఎస్ బాగానే వచ్చేది, నీళ్లు మాత్రం పక్కింటి రేడియాన్‌లో కనపడినట్టు కనపడేవి కావు.

డ్రైవర్లు (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ఆడిన నాటకాలు వేరే. 2001లో రేడియాన్ 8500 డ్రైవర్ క్వేక్ 3 గేమ్ ఫైలు పేరుని గుర్తుపట్టి టెక్స్చర్ల నాణ్యత తగ్గించేది. ఆ ప్రోగ్రామ్‌లో క్వేక్ అన్న చోటల్లా క్వాక్ అని మార్చేసరికి బొమ్మ బాగుపడింది, వేగం పడిపోయింది. 2003లో 3డీమార్క్03 సంగతి ఇంకా ఘాటు. వేగం కొలిచే ఆ బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్‌లో కెమెరా పట్టాల మీద రైల్లాగా ఒకే దారిలో వెళుతుంది కాబట్టి, కెమెరా ఎటు తిరగదో ముందే తెలుసుకుని అటువైపు గీయడమే మానేసింది ఎన్విడియా డ్రైవర్. కెమెరాని దారి తప్పించి పక్కకి తిప్పితే ఖాళీలు బయటపడ్డాయి. ఆ ఏడాది మే నెలలో దాన్ని తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ కంపెనీ సరిచేసిన వెర్షన్ విడుదల చేస్తే ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా స్కోరు 24.1% పడిపోయింది. ఏటీఐ కూడా పూర్తి శుద్ధపూస కాదు, దాని స్కోరూ 1.9% తగ్గింది. ఇందులోంచి మనకి పనికొచ్చే కిటుకు ఒకటుంది. గేమ్‌లో ఉన్న రెడీమేడ్ బెంచ్‌మార్క్ ఒక్కదాన్నే నమ్మకండి, మీరు స్వయంగా నడిచే దారి ఒకటి ఎంచుకోండి.

ఇప్పటి కార్డులన్నీ ఎఫ్‌పీ32లో గట్టివే, మరి ఈ గొడవ ఇంకా ఎందుకంటారా? ఎఫ్‌పీ16 తిరిగొచ్చింది కాబట్టి. 2017లో ఏఎమ్‌డీ వేగా ఎఫ్‌పీ16 లెక్కల్ని రెట్టింపు వేగంతో చేసేలా వచ్చింది, ఆ తర్వాతి సంవత్సరం ఫార్ క్రై 5 దాన్ని వాడుకుంది. అదే సమయంలో జీటీఎక్స్ 1080లో నేరుగా చేసే ఎఫ్‌పీ16 వేగం ఎఫ్‌పీ32లో 64వ వంతు, అంటే ఉన్నా లేనట్టే. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌లో రెట్టింపు అయింది, 30 సిరీస్‌లో ఎఫ్‌పీ32నే పెంచేసరికి రెండూ సమానమయ్యాయి. కాబట్టి ఎఫ్‌పీ16 బాగా వాడే గేమ్ ఒక్కో తరం కార్డుకి ఒక్కోలా కలిసొస్తుంది, ఒక గేమ్‌లో గెలిచిన కార్డు ఇంకోదాంట్లో ఓడిపోవడానికి ఇదీ ఒక కారణం. పైగా డైరెక్ట్ఎక్స్‌లో "కనీసం 16 బిట్లు" అనే రకం ఒకటి ఉంది, షేడర్‌లో అది రాస్తే డ్రైవర్ 16లో చేసినా 32లో చేసినా తప్పు కాదు. షేడర్ మోడల్ (డైరెక్ట్ఎక్స్ షేడర్ల వెర్షన్) 6.2 నుంచి కచ్చితంగా 16 అని రాసే వీలు వచ్చింది గానీ పాత పద్ధతి పోలేదు. గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న పిల్లలకి ఒక చిన్న మాట: యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) "హాఫ్" అని రాసింది పీసీలో మామూలుగా 32 బిట్లలోనే నడుస్తుంది, ఫోన్‌లో నిజంగా 16 అవుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో అద్దంలా ఉన్న నీళ్లు ఫోన్‌లో మెట్లుమెట్లుగా వస్తే కంగారు పడకుండా ముందు అక్కడ వెతకండి.

సరే, ఇక పనిలోకి దిగుదాం.

రెండు కార్డులకీ డ్రైవర్ ప్యానెల్‌లో సెట్టింగులు సమానం చేయండి. ఎన్విడియా ప్యానెల్‌లో టెక్స్చర్ ఫిల్టరింగ్ క్వాలిటీ మామూలుగా "క్వాలిటీ" దగ్గర ఉంటుంది, దాని పైన "హై క్వాలిటీ" ఉంది, అది పెట్టండి. ఏఎమ్‌డీలో అదే పేరున్న సెట్టింగు "స్టాండర్డ్" దగ్గర ఉంటుంది, "హై" చేయండి. కొన్ని రేడియాన్ కార్డులకి సర్ఫేస్ ఫార్మాట్ ఆప్టిమైజేషన్ అని ఒకటి కనిపిస్తుంది, పేరు వింటే మంచిదే అనిపిస్తుంది గానీ బొమ్మ ఫార్మాట్‌ని తేలిక రకానికి దించడానికే అది ఉన్నది, ఆఫ్ చేయండి. గేమ్‌లో డైనమిక్ రిజల్యూషన్, అప్‌స్కేలింగ్, ఫ్రేమ్ జనరేషన్, మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అన్నీ తీసేయండి. టీఏఏ (అంచుల గరుకు తీసే యాంటీ అలియాసింగ్‌లో ఒక రకం) కూడా తీయగలిగితే తీయండి, పాత ఫ్రేముల్ని కలిపి నునుపు చేసి ప్రెసిషన్ తప్పుల్ని అది చాపకింద దాచేస్తుంది. కొన్ని గేముల్లో దాన్ని తీసే వీలే ఉండదు, అలాంటి గేమ్‌ని ఈ పరీక్షకి వాడకపోవడమే మేలు.

ఇప్పుడు ఒక సేవ్ ఫైలు తయారుచేసుకోండి. పాత్ర కదలకూడదు, గాలికి ఊగే చెట్లు, మబ్బులు వీలైనంత తక్కువ ఉండాలి, నున్నటి మెరిసే వస్తువొకటీ, మెల్లగా చీకట్లోకి కలిసిపోయే గోడొకటీ, దూరంగా పొగమంచూ ఉంటే చాలా మంచిది. ఫోటో మోడ్ ఉంటే సమయం ఆగిపోతుంది కాబట్టి ఇంకా సుఖం, కాకపోతే కొన్ని గేములు ఫోటో మోడ్‌లో నాణ్యత పెంచేస్తాయి, అది గమనించండి. స్క్రీన్‌షాట్ పీఎన్‌జీలోనే తీయాలి. జేపెగ్ తనంతట తానే చారలు పుట్టిస్తుంది, యూట్యూబ్ వీడియో నుంచి తీసిన బొమ్మలతో పోల్చేవాళ్లకైతే ఒక దండం. ఫోన్‌తో మానిటర్‌ని ఫోటో తీయడం కూడా అంతే. అన్నట్టు, హెచ్‌డీఎమ్‌ఐలో రంగుల రేంజ్ "లిమిటెడ్"లో ఉండిపోతే నలుపు బూడిదలా కనిపించవచ్చు, అది కార్డు తప్పు కాదు, షేడర్ తప్పు అసలే కాదు, స్క్రీన్‌షాట్‌లో అది కనపడదు కూడా. కంటికి తేడా ఉండి స్క్రీన్‌షాట్‌లో లేకపోతే కేబుల్ వైపు, మానిటర్ సెట్టింగుల వైపు చూడండి.

ఈ మెట్టు మాత్రం ఎవరూ దాటవేయకండి. కార్డు మార్చకముందే, ఒకే కార్డు మీద, గేమ్ మూసి మళ్లీ తెరిచి, అదే సేవ్ నుంచి రెండు షాట్లు తీయండి. జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా వేసి, పైదాని మోడ్ "డిఫరెన్స్" చేయండి. తేడా లేకపోతే మొత్తం నల్లగా ఉంటుంది. లెవెల్స్‌తో వెలుగు బాగా పెంచి చూడండి, ఏదో కొంచెం కనపడుతుంది. అది ఆ గేమ్‌లో సహజంగా ఉండే తేడా. రెండో కార్డుతో తీసిన షాట్‌ని పోల్చినప్పుడు దీనికన్నా ఎక్కువ వచ్చిన తేడాకే విలువ. ఇది చేయకుండా "చూడండి, రెండు కార్డులూ వేరు వేరుగా గీస్తున్నాయి" అని ఎర్ర గుండ్రాలు చుట్టేవాళ్లని చాలామందిని చూశాను, గుండ్రం లోపల ఉన్నది గాలికి ఊగిన ఆకు.

తేడా బొమ్మని చదవడం అలవాటు మీద వస్తుంది. అక్కడక్కడా ఇసుక చల్లినట్టు ఒక్కో మెట్టు తేడా ఉంటే అది లెక్కని దగ్గరి అంకెకి సవరించడంలో వచ్చింది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. వస్తువుల అంచుల వెంబడి గీతల్లా వస్తే ఒకటి కెమెరా వెంట్రుకవాసి కదిలింది, లేదంటే యాంటీ అలియాసింగ్ తేడా. నేల మీద దూరం వెళ్లేకొద్దీ పెరిగితే టెక్స్చర్ ఫిల్టరింగ్. వలయాలు, మెట్లు, మ్యాప్‌లో ఎత్తులు చూపించే గీతల్లాంటివి మెరుపుల చుట్టూ, పొగమంచులో వస్తే అప్పుడు ప్రెసిషన్‌ని అనుమానించండి. రెండు గోడలు కలిసిన చోట మినుకుమినుకుమంటే అది డెప్త్ బఫర్ (ఏది ముందుందో ఏది వెనకుందో గుర్తుపెట్టుకునే చోటు) సంగతి, షేడర్‌కి సంబంధం లేదు. ఇంకొకటి: రెండు కార్డుల్లోనూ ఒకేలా చారలుంటే అది గేమ్ చేసుకున్న ఎంపిక. చాలా గేములు వెలుగుని దాచుకోవడానికి 32 బిట్లలో మూడు రంగుల్నీ ఇరికించే ఫార్మాట్ వాడతాయి, అందులో ఎరుపు, ఆకుపచ్చలకి అసలు అంకె ఆరేసి బిట్లు, నీలానికి ఐదే. ఆకాశంలో కాస్త పసుపు చారలు కనపడితే కార్డుని తిట్టకండి.

తేడా నిజంగా ఉందనిపిస్తే రెండర్‌డాక్ అనే ఉచిత టూల్‌తో ఆ ఫ్రేమ్‌ని పట్టుకుని, అనుమానం ఉన్న పిక్సెల్ మీద నొక్కితే దాని విలువలు దశాంశాలతో సహా చూపిస్తుంది. షేడర్ కోడ్ విప్పి చూస్తే డైరెక్ట్ఎక్స్ 12 గేముల్లో "హాఫ్" అనో, 11లో "మిన్16ఎఫ్" అనో కనపడుతుంది. అక్కడ గేమ్ తక్కువ ప్రెసిషన్ అడిగిందని అర్థం. ఒక కార్డు మీద పట్టిన ఫ్రేమ్ ఇంకో కార్డు మీద తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు, ఏ కార్డుకి ఆ కార్డులోనే పట్టండి. ఆన్‌లైన్ గేముల్లో మాత్రం రెండర్‌డాక్ గానీ ఫైలు పేరు మార్చే ప్రయోగాలు గానీ వద్దు, యాంటీ చీట్ చూస్తే అకౌంట్ పోతుంది.

ప్రెసిషన్ కాకుండా ఈ రోజుల్లో ఎక్కువ మోసపోయేది వీరామ్ (కార్డు సొంత మెమరీ) దగ్గర. 8 జీబీ నిండిపోగానే కొన్ని గేములు ఎఫ్‌పీఎస్ తగ్గనివ్వవు, చప్పుడు చేయకుండా టెక్స్చర్లు దించేస్తాయి. గ్రాఫ్‌లో 8 జీబీ కార్డు, 16 జీబీ కార్డు సమానంగా కనిపిస్తాయి, గోడ మీద పోస్టర్ మాత్రం ఒకదాంట్లో చదవగలం, ఇంకోదాంట్లో అలికేసినట్టుంటుంది. లోడ్ అయిన వెంటనే కాకుండా ఇరవై నిమిషాలు తిరిగొచ్చాక అదే పోస్టర్ ముందు నిలబడి షాట్ తీయండి.

బొమ్మ సమానమని తేలాక వేగం కొలవడం తేలికే. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ గానీ ప్రెజెంట్‌మాన్ గానీ (రెండూ ఫ్రేముల వేగం కొలిచే ప్రోగ్రాములే) పెట్టుకోండి. వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసేయండి. ఒక నిమిషం నడిచే దారి ఎంచుకుని అదే దారిలో నాలుగుసార్లు వెళ్లి, మొదటిది పారేయండి, ఎందుకంటే కొత్త కార్డు పెట్టాక షేడర్లు మళ్లీ కంపైల్ అవుతూ మొదటిసారి కుదుపులు వస్తాయి. సగటు ఒక్కటే చూడొద్దు. ఒక సెకనులో 59 ఫ్రేములు 800 మిల్లీ సెకన్లలో గీసేసి, అరవయ్యోదానికి 200 తీసుకున్నా సగటు అరవయ్యే, కానీ ఆడేవాడికి ఆ కుదుపు గుండెల్లో తగులుతుంది. అందుకే "1% లో" (low) అనే అంకె, అంటే అన్నింటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం చూడాలి, దాన్ని ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కోలా లెక్కకడుతుంది కాబట్టి రెండు కార్డులకీ ఒకే ప్రోగ్రామ్ వాడాలి.

రిజల్యూషన్ తగ్గించినా ఎఫ్‌పీఎస్ పెరగట్లేదంటే మీరు కొలుస్తున్నది కార్డుని కాదు, ప్రాసెసర్‌ని. మదర్‌బోర్డు పాతదైతే ఇంకో చిక్కు, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డుకి పీసీఐఈ లేన్లు (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు) నాలుగే, పీసీఐఈ 3.0 బోర్డులో అది బాగా నష్టపోతుంది. కొత్త బోర్డు మీద చేసిన రివ్యూ నంబర్లు మీ ఇంట్లో రావు. ఎండ సంగతి కూడా మర్చిపోవద్దు. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఒక కార్డునీ, రాత్రి ఏసీ వేసుకుని ఇంకోదాన్నీ పరీక్షించి పోలిస్తే గెలిచేది ఏసీయే. పది నిమిషాలు వేడెక్కనిచ్చి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో కార్డు క్లాక్ వేగం నిలకడగా ఉందో లేదో చూశాక మొదలుపెట్టండి.

అప్‌స్కేలింగ్ పోలిక చివర్లో, విడిగా చేయండి. పేరు ఒకటే అయినా లోపల పని వేరు. ఇంటెల్ వాళ్ల అప్‌స్కేలింగ్ ఎక్స్ఈఎస్ఎస్, వాళ్ల ఆర్క్ కార్డుల మీద ఒక రకంగా, మిగతా కంపెనీల కార్డుల మీద ఇంకో రకంగా నడుస్తుంది, బొమ్మా వేగమూ రెండూ మారతాయి. ఏఎమ్‌డీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ 4 అయితే ఆర్ఎక్స్ 9000 సిరీస్‌లో ఎఫ్‌పీ8 లెక్కల మీద ఆధారపడి వచ్చింది. 24 బిట్లు సరిపోతాయా అని కొట్టుకున్న చోటే ఇప్పుడు 8 బిట్లతో బొమ్మలు తయారవుతున్నాయి, చిత్రం కాకపోతే ఏమిటి.

అన్నీ అయ్యాక మొదటి కార్డుని మళ్లీ పెట్టి ఒక్క రన్ చేయండి. మధ్యలో గేమ్ అప్‌డేట్ అయిందా, విండోస్ వెనకాల ఏమైనా దించుకుంటోందా అన్నది అప్పుడు బయటపడుతుంది. మొదట వచ్చిన అంకెలు రెండు మూడు శాతం తేడాలో మళ్లీ వస్తే మీ పోలిక నిలబడినట్టే. రాకపోతే మొత్తం మళ్లీ చేయాలి, ఈసారి స్టీమ్‌లో ఆటో అప్‌డేట్ ఆపుకుని.